1971 యుద్ధంపై డాక్యుమెంటరీ చిత్రాలు

1971 డిసెంబరులో భారత్, పాకిస్తాన్ల మధ్య జరిగిన యుద్ధం గురించి, దానికి ముందు తొమ్మిది నెలలపాటు సాగిన బంగ్లాదేశ్ విమోచన పోరాటం గురించి తీసిన వాస్తవ చిత్రాలను 1971 యుద్ధంపై డాక్యుమెంటరీ చిత్రాలు అని వ్యవహరించవచ్చు. యుద్ధం 13 రోజులలో ముగిసింది. దానిపై చిత్రాలు మాత్రం అర్ధశతాబ్దం దాటినా వస్తూనే ఉన్నాయి. ఈ చిత్రాలలో అధికభాగం శరణార్థులను, భూమిపై జరిగిన పోరాటాన్ని, ఢాకాలో జరిగిన లొంగుబాటును చూపుతాయి. ఆంధ్రప్రదేశ్ తీరానికి సంబంధించిన ముఖ్య ఘట్టం, అనగా విశాఖపట్నం వద్ద ఘాజీ జలాంతర్గామి మునిగిపోవడం, ఏ కెమెరాకూ చిక్కలేదు. అందువలన ఈ ప్రాంతంలో ఆ యుద్ధపు జ్ఞాపకం చిత్రాల కన్నా స్మారకాల మీద, పెద్దల మాటల మీద, తరువాత వచ్చిన కల్పిత కథల మీద ఎక్కువగా ఆధారపడి ఉంది.

నేపథ్యం

1970 డిసెంబరులో జరిగిన పాకిస్తాన్ ఎన్నికలలో షేక్ ముజిబుర్ రెహమాన్ నాయకత్వంలోని అవామీ లీగ్ జాతీయ సభలో ఆధిక్యత సాధించింది. అయినా అధికార బదిలీ జరగలేదు. 1971 మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం ఢాకాలో అణచివేత చర్య మొదలుపెట్టింది. తరువాతి నెలలలో సుమారు కోటిమంది శరణార్థులు భారతదేశానికి వచ్చారు. పశ్చిమ బెంగాల్, త్రిపుర, అస్సాం, మేఘాలయలలో వారికి శిబిరాలు ఏర్పాటు చేశారు. ముక్తివాహిని పేరుతో బెంగాలీ యోధులు పోరాటం సాగించారు.

1971 డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ వైమానిక దళం పశ్చిమ భారతదేశంలోని విమానాశ్రయాలపై దాడి చేయడంతో రెండు దేశాల మధ్య పూర్తిస్థాయి యుద్ధం ఆరంభమైంది. డిసెంబరు 16న ఢాకా రేస్‌కోర్సు మైదానంలో లెఫ్టినెంట్ జనరల్ నియాజీ, భారత తూర్పు సైనిక కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ జగ్‌జిత్ సింగ్ అరోరా సమక్షంలో లొంగుబాటు పత్రంపై సంతకం చేశాడు. సుమారు 93,000 మంది యుద్ధఖైదీలుగా పట్టుబడ్డారు. మరునాడు పశ్చిమ రంగంలో కూడా కాల్పులు ఆగిపోయాయి.

యుద్ధవార్త చోడవరం వంటి ఊళ్లకు చేరిన విధం

చోడవరం చెరకు పండే లోపలి ప్రాంతంలోని పట్టణం. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడే వరకు ఇది విశాఖపట్నం జిల్లాలో భాగం. 1971లో ఇటువంటి ఊళ్లలో టెలివిజన్ లేదు. అప్పటికి దేశం మొత్తం మీద ఢిల్లీలో మాత్రమే టెలివిజన్ ప్రసారాలు ఉండేవి. యుద్ధం జరిగిన రోజులలో జనం వార్తలను రేడియోలో విన్నారు, పత్రికలలో చదివారు. విశాఖపట్నంలో ఆకాశవాణి కేంద్రం 1963 నుండి పనిచేస్తున్నది. ఢిల్లీ నుండి వచ్చే తెలుగు వార్తల కోసం రేడియో ఉన్న ఇంటి అరుగు మీదనో, పంచాయతీ రేడియో దగ్గరనో జనం చేరడం అప్పటి పల్లెలలో మామూలు.

యుద్ధాన్ని కళ్లతో చూసే అవకాశం సినిమా హాలులోనే కలిగేది. భారత ప్రభుత్వ సంస్థ అయిన ఫిల్మ్స్ డివిజన్ (స్థాపన 1948, బొంబాయి) ప్రతి వారం "ఇండియన్ న్యూస్ రివ్యూ" అనే వార్తాచిత్రాన్ని, వాటితో పాటు డాక్యుమెంటరీలను తయారుచేసేది. వీటికి తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో వ్యాఖ్యానం చేర్చేవారు. సినిమా హాళ్లు అసలు సినిమాకు ముందు వీటిని వేయాలన్నది లైసెన్సు షరతు. ప్రింట్లు మొదట నగరాలలోని హాళ్లకు వెళ్లి, తరువాత క్రమంగా చిన్న పట్టణాల హాళ్లకు, టూరింగ్ టాకీసులకు చేరేవి. కనుక చిన్న ఊళ్లలో జనం ఒక సంఘటనను వార్తాచిత్రంలో చూసేసరికి అది పాత వార్త అయ్యేది. వారికి తెలియని సంగతి అందులో ఉండేది కాదు. అంతకుముందు చెవిన పడిన సంగతికి రూపం మాత్రం అక్కడ దొరికేది. నేల టికెట్టు మీద కూర్చున్నవారికి కూడా శరణార్థుల బారులు, లొంగుబాటు బల్ల, ఆయుధాలు కింద పెడుతున్న సైనికులు ఈ విధంగానే పరిచయమయ్యారు.

హాళ్లు లేని పల్లెలకు కేంద్ర ప్రభుత్వపు క్షేత్ర ప్రచార విభాగం వాహనాలు వచ్చేవి. బడి ఆవరణలోనో, రచ్చబండ దగ్గరనో తెర కట్టి 16 మి.మీ. ప్రొజెక్టరుతో చిత్రాలు వేసేవారు.

1971లో తీసిన చిత్రాలు

పోరాటం సాగుతుండగానే తీసిన చిత్రాలలో మొదట చెప్పుకోదగినది స్టాప్ జెనోసైడ్ (1971). దీని దర్శకుడు బెంగాలీ రచయిత, చలనచిత్రకారుడు జహీర్ రైహాన్. ఢాకా నుండి కలకత్తాకు వచ్చి, చాలా కొద్ది వనరులతో సుమారు 20 నిమిషాల ఈ నలుపు తెలుపు చిత్రాన్ని తీశాడు. ఆంగ్ల వ్యాఖ్యానం ఆలంగీర్ కబీర్‌ది. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల ప్రకటనలోని మాటల పక్కనే శరణార్థుల నడకను, శిబిరాలలోని ముసలివారిని, పిల్లలను చూపడం ఈ చిత్రం అనుసరించిన పద్ధతి. వియత్నాం ప్రస్తావన కూడా ఇందులో ఉంది. ఇది తటస్థంగా ఉండాలని తీసిన చిత్రం కాదు. ప్రపంచం కలుగజేసుకోవాలని కోరుతూ తీసిన విజ్ఞప్తి.

అదే సంవత్సరం జహీర్ రైహాన్ ఎ స్టేట్ ఈజ్ బార్న్, ఆలంగీర్ కబీర్ లిబరేషన్ ఫైటర్స్, బాబుల్ చౌదరి ఇన్నోసెంట్ మిలియన్స్ తీశారు. బెంగాలీ దర్శకుడు ఋత్విక్ ఘటక్ దుర్బార్ గతి పద్మ అనే లఘుచిత్రం తీశాడు. బ్రిటన్‌కు చెందిన గ్రనడా టెలివిజన్ ముక్తివాహిని సేనాని ఖాలెద్ ముషారఫ్ దళం గురించి మేజర్ ఖాలెద్స్ వార్ అనే కార్యక్రమాన్ని ప్రసారం చేసింది.

జహీర్ రైహాన్ కథ విషాదాంతమైంది. అతని అన్న, రచయిత షహీదుల్లా కైసర్‌ను 1971 డిసెంబరు 14న, అనగా లొంగుబాటుకు రెండు రోజుల ముందు, ఢాకాలో ఇంటి నుండి ఎత్తుకుపోయారు. ఆ రోజులలో బెంగాలీ మేధావులు అనేకమంది ఇదే విధంగా హత్యకు గురయ్యారు. అన్నను వెదుకుతూ వెళ్లిన జహీర్ రైహాన్ 1972 జనవరి 30న కనిపించకుండా పోయాడు. మళ్లీ తిరిగి రాలేదు.

ఫిల్మ్స్ డివిజన్, సుఖ్‌దేవ్

భారతదేశంలో ఈ విషయంపై తీసిన ముఖ్యమైన డాక్యుమెంటరీ నైన్ మంత్స్ టు ఫ్రీడమ్ (1972). ఫిల్మ్స్ డివిజన్ కోసం ఎస్. సుఖ్‌దేవ్ (1933-1979) దీనిని తీశాడు. 1960లలో దేశపు నిత్యజీవితాన్ని వ్యాఖ్యానం లేకుండా చూపిన "ఇండియా 67" చిత్రంతో అతడు అప్పటికే పేరుపొందాడు. పేరులోని తొమ్మిది నెలలు మార్చి నుండి డిసెంబరు వరకు సాగిన పోరాటాన్ని సూచిస్తాయి. విజయం ఎంత వేగంగా వచ్చిందన్నది కాక, విజయానికి ముందు జనం పడిన కష్టం ఎంతకాలం సాగిందన్నది ఈ చిత్రానికి ప్రధానం. పదమూడు రోజుల యుద్ధాన్ని తొమ్మిది నెలల చరిత్రలో భాగంగా చూడడం తరువాతి చిత్రాలకు కూడా ఒరవడి అయింది.

గీతా మెహతా తీసిన డేట్‌లైన్ బంగ్లాదేశ్ (1972), జపాన్ దర్శకుడు నగీసా ఒషిమా ముజిబుర్ రెహమాన్ గురించి తీసిన టెలివిజన్ చిత్రం (1973) ఈ కాలానికి చెందినవే.

ముక్తిర్ గాన్: ఇరవై ఏళ్ల తరువాత వెలుగు చూసిన ఫిల్ము

1971లో అమెరికన్ చిత్రకారుడు లియర్ లెవిన్ ఒక బెంగాలీ గాయకబృందంతో కలిసి తిరిగాడు. ఆ బృందం శరణార్థి శిబిరాలలోను, ముక్తివాహిని స్థావరాలలోను పాటలు పాడేది. లెవిన్ సుమారు 20 గంటల ఫిల్ము తీశాడు. కాని చిత్రాన్ని పూర్తిచేయడానికి డబ్బు దొరకలేదు. ఆ రీళ్లు న్యూయార్కులో అతని ఇంటి నేలమాళిగలో దాదాపు రెండు దశాబ్దాలు ఉండిపోయాయి.

1990లో బంగ్లాదేశ్ దర్శకుడు తారెక్ మసూద్, అతని భార్య కేథరిన్ మసూద్ ఈ ఫిల్మును వెదికి పట్టుకున్నారు. ఇతర దేశాల భాండాగారాల నుండి సేకరించిన దృశ్యాలను కూడా చేర్చి 1995లో ముక్తిర్ గాన్ (విముక్తి గీతం) పేరుతో విడుదల చేశారు. బృందంలోని ఒక సభ్యుడు తన అనుభవాన్ని చెబుతున్నట్లుగా కథనాన్ని నడిపారు. యుద్ధం తరువాత పుట్టిన తరం ఆ రోజుల దృశ్యాలను రంగులలో చూడగలిగింది.

ఈ చిత్రాన్ని బంగ్లాదేశ్ పల్లెలలో ప్రదర్శించినపుడు ప్రేక్షకులు ప్రదర్శన తరువాత లేచి తమ అనుభవాలు చెప్పసాగారు. గాయకబృందం వెళ్లని చోట్ల జరిగినవి, కెమెరా చూడనివి వారి మాటలలో బయటపడ్డాయి. ఆ మాటలనే రికార్డు చేసి దర్శకులు ముక్తిర్ కథ (1999) అనే మరొక చిత్రంగా కూర్చారు. తెర మీద చూసినదానికి జనం తమ జ్ఞాపకాన్ని చేర్చడం, అది మళ్లీ చిత్రం కావడం ఈ రెండు చిత్రాల విశేషం. తారెక్ మసూద్ 2011 ఆగస్టు 13న రోడ్డు ప్రమాదంలో మరణించాడు.

విజయం వెనుక మిగిలిన ప్రశ్నలు

1990ల నుండి వచ్చిన చిత్రాలు యుద్ధఘట్టాల కన్నా యుద్ధం వదిలిన సమస్యలపై దృష్టి పెట్టాయి.

* వార్ క్రైమ్స్ ఫైల్ (1995): బ్రిటన్‌లో చానెల్ 4 ప్రసారం చేసింది. 1971 నాటి హత్యలలో పాత్ర ఉన్నదని ఆరోపణ ఎదుర్కొంటూ బ్రిటన్‌లో నివసిస్తున్నవారిపై పరిశోధన. బంగ్లాదేశ్ ప్రభుత్వం 2010లో యుద్ధనేరాల విచారణకు ట్రిబ్యునల్ ఏర్పాటు చేయడానికి పదిహేనేళ్ల ముందే ఈ చిత్రం ఆ ప్రశ్నను లేవనెత్తింది.
* స్వప్నభూమి (2007): తన్వీర్ మొకమ్మెల్ తీశాడు. బంగ్లాదేశ్ శిబిరాలలో చిక్కుకుపోయిన ఉర్దూ మాట్లాడే బీహారీల గురించిన చిత్రం. గెలిచినవారి కథలో చోటు దొరకనివారి పరిస్థితిని చూపింది.
* 1971 (2011): ఇది కూడా తన్వీర్ మొకమ్మెల్ తీసినదే. మూడున్నర గంటలకు పైగా నడిచే సమగ్ర చిత్రం.
* రైజింగ్ సైలెన్స్ (2018): లీసా గాజీ తీసింది. యుద్ధకాలంలో అత్యాచారాలకు గురై, తరువాత "వీరాంగన" అనే గౌరవనామం పొందిన స్త్రీలు ఇందులో స్వయంగా మాట్లాడతారు. బిరుదు దక్కినా వారిలో అనేకులకు ఇంట్లో, ఊళ్లో ఆదరణ దక్కలేదు.

విశాఖ తీరం: కెమెరాకు అందని ఘట్టం

విశాఖపట్నం తూర్పు నౌకాదళ కమాండ్ కేంద్రం. 1971లో వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్ దీని అధిపతి. భారత విమానవాహక నౌక ఐ.ఎన్.ఎస్. విక్రాంత్‌కు అప్పుడు బాయిలరు లోపం ఉండి, వేగం తగ్గింది. విక్రాంత్‌ను ముంచే లక్ష్యంతో పాకిస్తాన్ జలాంతర్గామి పి.ఎన్.ఎస్. ఘాజీ 1971 నవంబరు 14న కరాచీ నుండి బయలుదేరింది. ఇది మొదట అమెరికా నౌకాదళంలో "డయాబ్లో" అనే పేరుతో ఉండేది. 1960లలో పాకిస్తాన్‌కు చేరింది.

విక్రాంత్‌ను ముందుగానే అండమాన్ దీవులకు తరలించి, అది విశాఖ వద్దనే ఉన్నదని శత్రువు భ్రమపడేటట్లు పాత డిస్ట్రాయర్ ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ ద్వారా సంకేతాలు పంపించినట్లు కృష్ణన్ తరువాత రాశాడు. డిసెంబరు 3-4 తేదీల మధ్య అర్ధరాత్రి విశాఖ తీరానికి సమీపంలో పెద్ద పేలుడు సంభవించింది. ఘాజీ మునిగిపోయింది. అందులోని తొంభైమందికి పైగా నావికులు అందరూ మరణించారు. తరువాత జాలరులకు, నౌకాదళ గజ ఈతగాళ్లకు శిథిలాల ఆనవాళ్లు దొరికాయి.

ఘాజీ ఎందువలన మునిగిందన్న విషయంలో మూడు వాదనలు ఉన్నాయి.

* రాజ్‌పుత్ జారవిడిచిన డెప్త్ చార్జీల వలన మునిగింది. ఇది భారత నౌకాదళపు వాదన.
* తాను పరిచిన మైన్లలోనే ఒకటి పేలడం వలన మునిగింది. పాకిస్తాన్ పక్షం ప్రమాదవశాత్తు మునిగిందనే చెబుతుంది.
* లోపల వాయువులు పేరుకొని గాని, ఆయుధాలు పేలి గాని మునిగింది. కొందరు విశ్లేషకుల అభిప్రాయం ఇది.

రాత్రి, సముద్రం అడుగున జరిగిన ఈ సంఘటనకు చిత్రం లేదు. బ్రతికి బయటపడిన సాక్షి లేడు. ఘాజీ మునకకు సంబంధించిన కొన్ని నౌకాదళ దస్త్రాలు ధ్వంసమైనాయని 2010లో పత్రికలలో కథనాలు వచ్చాయి. కనుక ఏ డాక్యుమెంటరీ అయినా ఈ భాగానికి వచ్చేసరికి పటాలు, బొమ్మలు, విశ్రాంత అధికారుల ముఖాముఖిలపై ఆధారపడవలసిందే. శరణార్థి శిబిరాన్ని చూపే దృశ్యానికి, ఘాజీ మునకను చూపే దృశ్యానికి గల తేడా ఇదే. మొదటిది రికార్డు, రెండవది పునఃసృష్టి.

స్మారకాలు, కల్పనాచిత్రం

చిత్రం లేని లోటును విశాఖలో రాతి కట్టడాలు, నౌకలు కొంత తీర్చాయి. బీచ్ రోడ్డులోని "విక్టరీ ఎట్ సీ" యుద్ధ స్మారకాన్ని 1996లో నిర్మించారు. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో భారత నౌకాదళంలో చేరిన ఐ.ఎన్.ఎస్. కుర్సురా జలాంతర్గామిని 2001లో సేవల నుండి విరమింపజేసి, 2002లో రామకృష్ణా బీచిలో ప్రదర్శనశాలగా తెరిచారు. చోడవరం, మాడుగుల, పాడేరు వైపుల నుండి విహారయాత్రకు వచ్చే బడిపిల్లలు ఆ ఇరుకు నడవలో నడిచినపుడు జలాంతర్గామి జీవితం ఎటువంటిదో గ్రహించగలుగుతారు. అయితే కుర్సురాకు ఘాజీ మునకతో సంబంధం లేదు. ఈ రెండింటినీ ఒకటిగా పొరబడడం సందర్శకులలో సాధారణం.

2017 ఫిబ్రవరిలో సంకల్ప్ రెడ్డి దర్శకత్వంలో ఘాజీ అనే సినిమా విడుదలైంది. తెలుగులోను, హిందీలోను తీసిన ఈ చిత్రం తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. ఇందులో ఒక భారత జలాంతర్గామి సముద్రగర్భంలో ఘాజీతో పోరాడి దానిని ముంచుతుంది. ఇది కల్పన. పైన చెప్పిన మూడు వాదనలలో దేనిలోనూ భారత జలాంతర్గామి పాత్ర లేదు. కాని చాలామంది యువకులకు ఘాజీ గురించి తెలిసినది ఈ సినిమా ద్వారానే. చరిత్ర చిత్రం ఇవ్వలేని చోట కథాచిత్రం చిత్రాన్ని ఇచ్చింది.

ఘాజీ శిథిలాలను నౌకాదళపు రక్షక వాహనం గుర్తించినట్లు 2024లో వార్తలు వెలువడ్డాయి. మృతుల పట్ల గౌరవసూచకంగా వాటిని కదపలేదు.

జాతీయ వారసత్వం

ఒకే యుద్ధాన్ని మూడు దేశాలు మూడు పేర్లతో గుర్తుంచుకుంటాయి.

*భారతదేశంలో* ఇది ప్రధానంగా సైనిక విజయం. డిసెంబరు 16ను విజయ్ దివస్‌గా, కరాచీ రేవుపై దాడి జరిగిన డిసెంబరు 4ను నౌకాదళ దినంగా జరుపుతారు. స్వర్ణోత్సవాలను 2020-21లో "స్వర్ణిమ్ విజయ్ వర్ష్" పేరుతో నిర్వహించారు. విజయోత్సవ చిత్రాలలో నష్టాలకు తక్కువ చోటు దొరుకుతుంది. డిసెంబరు 9న డయ్యూ తీరం వద్ద పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ దాడిలో ఐ.ఎన్.ఎస్. ఖుక్రీ మునిగి, కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా సహా 190 మందికి పైగా మరణించారు.

*బంగ్లాదేశ్‌లో* ఇది ముక్తియుద్ధం, దేశజననం. అక్కడ ఈ చరిత్రకు హక్కుదారులు ఎవరన్నది రాజకీయ వివాదం. 2024 ఆగస్టులో షేక్ హసీనా ప్రభుత్వం పడిపోయిన తరువాత ముజిబుర్ రెహమాన్ ఢాకా నివాసం దాడికి గురైంది. 2025 ఫిబ్రవరిలో దానిని కూల్చివేశారు.

*పాకిస్తాన్‌లో* ఇది దేశ విభజన, పరాజయం. కారణాలను విచారించడానికి వేసిన హమూదుర్ రెహమాన్ కమిషన్ నివేదికను దశాబ్దాలపాటు దాచి ఉంచారు. 2000లో దాని భాగాలు ఒక భారతీయ పత్రికలో వచ్చాయి. జావెద్ జబ్బార్ తీసిన సెపరేషన్ ఆఫ్ ఈస్ట్ పాకిస్తాన్ (2021) ఆ దేశపు దృక్కోణాన్ని చెప్పే డాక్యుమెంటరీ.

ఏ ఒక్క దేశపు చిత్రాలను మాత్రమే చూసినవారికి ఆ యుద్ధం పూర్తిగా అర్థం కాదు.

భద్రపరచడం

ఫిల్మ్స్ డివిజన్‌ను 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనం చేశారు. హాళ్లలో వార్తాచిత్రం వేసే అలవాటు అంతకు చాలాకాలం ముందే పోయింది. లియర్ లెవిన్ రీళ్ల కథ ఒక సంగతిని స్పష్టం చేస్తుంది. ఫిల్ము నిలిచి ఉంటే ఇరవై ఏళ్ల తరువాతనైనా చిత్రం అవుతుంది. ముక్తిర్ కథ రెండవ సంగతి చెబుతుంది. ఫిల్ము లేకపోయినా, చూసినవారు జీవించి ఉండగా అడిగితే చరిత్ర దొరుకుతుంది.

విశాఖ ప్రాంతానికి రెండవ సంగతే వర్తిస్తుంది. దీపాలు ఆర్పిన రాత్రులు, కిటికీలకు అంటించిన కాగితాలు, రేడియో వార్తలు, సరిహద్దుకు వెళ్లిన కొడుకు జాబు కోసం ఎదురుచూసిన ఇళ్లు, ఇవి ఏ వార్తాచిత్రంలోనూ లేవు. 1971లో పదేళ్ల వయసున్నవారు 2021 నాటికి అరవైకి చేరారు. సైన్యంలో పనిచేసి తిరిగి వచ్చినవారు ఇంకా పెద్దవారు. విశాఖపట్నం, అనకాపల్లి జిల్లాల పల్లెలలో వారి మాటలను వారి మాండలికంలోనే రికార్డు చేసి ఉంచితే, ఆ తీరపు యుద్ధానికి లేని డాక్యుమెంటరీలో కొంత భాగమైనా సమకూరుతుంది.

ముఖ్య చిత్రాలు - కాలక్రమం

* 1971 - స్టాప్ జెనోసైడ్ (జహీర్ రైహాన్)
* 1971 - లిబరేషన్ ఫైటర్స్ (ఆలంగీర్ కబీర్)
* 1971 - ఇన్నోసెంట్ మిలియన్స్ (బాబుల్ చౌదరి)
* 1972 - నైన్ మంత్స్ టు ఫ్రీడమ్ (ఎస్. సుఖ్‌దేవ్)
* 1972 - డేట్‌లైన్ బంగ్లాదేశ్ (గీతా మెహతా)
* 1995 - ముక్తిర్ గాన్ (తారెక్ మసూద్, కేథరిన్ మసూద్)
* 1995 - వార్ క్రైమ్స్ ఫైల్ (చానెల్ 4)
* 1999 - ముక్తిర్ కథ (తారెక్ మసూద్, కేథరిన్ మసూద్)
* 2007 - స్వప్నభూమి (తన్వీర్ మొకమ్మెల్)
* 2011 - 1971 (తన్వీర్ మొకమ్మెల్)
* 2018 - రైజింగ్ సైలెన్స్ (లీసా గాజీ)
* 2021 - సెపరేషన్ ఆఫ్ ఈస్ట్ పాకిస్తాన్ (జావెద్ జబ్బార్)